ఏడో తారీకు మేస్త్రికే ఎందుకు?



ఈసారి పోస్టు కొంచెం పొడవుగానే ఉంటుంది. విషయం డబ్బుది. అందులోనూ పని చేసేసి, ఇంకా చేతికి రాని డబ్బుది. ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి. బెంగళూరు, చెన్నై, బరంపురం, యానాం సంఘాల మిత్రులు కూడా ఈ గ్రూపులో ఉన్నారు. మేం రాసే ఉదాహరణలు ముంబై, ఠాణే వైపువి అయినా చట్టం మనందరికీ ఒక్కటే.

కట్టడం పని మనకు నిన్నమొన్న అబ్బింది కాదు. ముంబైలో కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కామాఠీల వల్ల. కర్ణాటకలో భోవి అని, తమిళనాట ఒడ్డర్ అని పిలిచే మన వడ్డెరలు తరతరాలుగా రాయి కొట్టి, మట్టి మోసి బతికారు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర గుడిసెలు వేసుకున్నారు. ఈ రోజు మన సభ్యుల జాబితా తీస్తే సెంట్రింగ్, ప్లాస్టరింగ్, టైల్స్, పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీలు ప్రతి పేజీలోనూ కనిపిస్తారు. లేబర్ కాంట్రాక్టర్లున్నారు, సైటు ఇంజినీర్లున్నారు, కొందరు బిల్డర్లుగా ఎదిగినవాళ్ళూ ఉన్నారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ముందు ఒక బిల్లు ఎలా నడుస్తుందో చూద్దాం. మేస్త్రి పని ముగిస్తాడు. సైటు ఇంజినీరు వచ్చి కొలతలు తీయాలి. ఆ కొలతలు మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కాలి. తర్వాత ఆర్‌ఏ బిల్లు తయారవ్వాలి, బిల్లింగ్ ఇంజినీరు దాన్ని సరిచూడాలి, ప్రాజెక్టు మేనేజరు సంతకం పెట్టాలి, హెడ్డాఫీసుకు వెళ్ళాలి, అకౌంట్స్ వాళ్ళు చెక్కు రాయాలి. మధ్యలో ఎక్కడ ఆగినా మేస్త్రికి వినిపించే జవాబు ఒక్కటే. "పైనుంచి రాలేదు, రాగానే ఇచ్చేస్తాం." గణపతి పండుగకు అన్నది దసరాకు జరుగుతుంది, దసరాకు అన్నది దీపావళికి. అంతా అయ్యాక ప్రతి బిల్లులోంచీ పట్టుకున్న రిటెన్షన్ సొమ్ము, సాధారణంగా 5 శాతం, ఇంకో ఏడాది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

ఇందులో మేస్త్రికి పోయేదెంతో లెక్క వేద్దాం. ఒక మేస్త్రి దగ్గర 20 మంది పనివాళ్ళు. తలా రోజుకు 900 రూపాయలు. నెలకు 26 రోజులు. కూలీ మొత్తం 4,68,000. ఈ పనిమీద మేస్త్రికి నూటికి పది మిగులుతుందనుకుందాం, అంటే 46,800. బిల్లు మూడు నెలలు ఆలస్యమైంది. కూలీలు ఆగరు, ఆగకూడదు కూడా. మేస్త్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెస్తాడు. నెలకు 14,040, మూడు నెలలకు 42,120. మిగిలింది 4,680. నాలుగో నెల కూడా ఆగితే, నెలంతా 20 మందిని పెట్టి పని చేయించినందుకు జేబులోంచి ఎదురు కట్టాలి. జీఎస్టీ నమోదు ఉన్నవాడైతే మరో బరువు. బిల్లు వేసిన పాపానికి, డబ్బు వచ్చినా రాకపోయినా, పన్ను వచ్చే నెలలోనే కట్టేయాలి.

ఇంతకూ ఈ వరసలో చట్టం ఎవరికి తారీకు పెట్టింది?

అందరికంటే కింద ఉన్నవాడికి పెట్టింది. 2019 వేతనాల కోడ్ చెప్పే మాట ఇది. నెల జీతమైతే మరుసటి నెల ఏడో తారీకులోపు ఇవ్వాలి. రోజుకూలీ అయితే ఆ రోజు పని ముగిసేసరికి, వారం లెక్కయితే వారం చివరి పనిరోజున ఇవ్వాలి. ఇది న్యాయమైన నియమం. కూలీకి ఆ రక్షణ ఒక్క రోజు కూడా తగ్గకూడదు. మేం అడిగేది వేరే. ఏడో తారీకున 20 మందికి పగారు ఇవ్వాల్సిన మేస్త్రికి, ఆ డబ్బు ఏ తారీకున చేరాలో చట్టం ఎందుకు చెప్పదు? మేస్త్రి మీద గడియారం పెట్టినప్పుడు, మేస్త్రికి ఇవ్వాల్సిన వాళ్ళ మీద క్యాలెండరైనా పెట్టాలి కదా.

"ఎందుకు లేదు, ఎంఎస్‌ఎంఈ చట్టం ఉందిగా" అని మన చార్టర్డ్ అకౌంటెంట్ సభ్యులు అంటారు. ఉంది. మంచి చట్టమే. 1993లోనే చిన్న పరిశ్రమలకు ఆలస్యపు చెల్లింపులపై వడ్డీ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2006లో ఎంఎస్‌ఎంఈడీ చట్టం వచ్చింది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, సరుకునో సేవనో స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే స్వీకరించినట్టే లెక్క. గడువు దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6.75 శాతం ఉన్న రోజుల్లో అది 20.25 శాతం. ఫిర్యాదు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తే 90 రోజుల్లో తేల్చాలి. తీర్పు నచ్చక కోర్టుకెళ్ళే కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. 2017లో వచ్చిన సమాధాన్ పోర్టల్‌తో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు పెట్టే వీలు వచ్చింది. వినడానికి ఎంత హాయిగా ఉంది!

ఇక్కడే మనవాళ్ళ మొహాన తలుపు పడుతుంది. సామాను కూడా మేస్త్రే తెచ్చి, పని కూడా తానే చేస్తే దాన్ని వర్క్స్ కాంట్రాక్టు అంటారు. ఈ చట్టం సరుకుల సరఫరాకూ, సేవలకూ వర్తిస్తుంది గానీ రెండూ విడదీయలేనట్టు కలిసిన వర్క్స్ కాంట్రాక్టుకు వర్తించదని బొంబాయి హైకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. మరికొన్ని చోట్ల ఆ ప్రశ్నను కౌన్సిలో, ఆర్బిట్రేటరో తేల్చాలని కోర్టులు వదిలేశాయి. ఫలితం ఏమిటంటే, అవతలి లాయరు మొదటి వాయిదాలోనే "ఇది వర్క్స్ కాంట్రాక్టు" అన్న ఒక్క ముక్క వేస్తే చాలు. ఆ తర్వాత డబ్బు మాట పక్కకు పోయి, ఇది సరుకా, సేవా, పనా అన్న వేదాంతం మొదలవుతుంది. సిమెంటు అమ్మినవాడికి 45 రోజుల హక్కు ఉంది. అదే సిమెంటుతో గోడకు ప్లాస్టరింగ్ చేసి ఇచ్చినవాడికి ఉందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఈ తేడాకు ఏం న్యాయం ఉంది?

2023 ఆర్థిక చట్టంతో ఆదాయపు పన్నులో 43బి(హెచ్) నిబంధన వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు చెల్లించకపోతే, ఆ ఖర్చును కంపెనీ ఆ ఏడాది లెక్కలో చూపుకోలేదు, నిజంగా చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. ఆలోచన బాగుంది. కానీ నమోదు ఉన్న చిన్నవాళ్ళ దగ్గర కొనడం పెద్దవాళ్ళు తగ్గించేస్తారేమోనని 2024లో వ్యాపార సంఘాలే భయపడ్డాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుందేమోనని వాళ్ళ బాధ. పైగా ఇది పన్ను నిబంధన. కంపెనీకి పన్ను పెరిగితే మేస్త్రి చేతిలో రూపాయి పడదు. ఇక దివాలా కోడ్ కింద నోటీసిద్దామంటే, 2020 నుంచి బాకీ కోటి రూపాయలైనా ఉండాలి. మన మేస్త్రీలలో ఎంతమంది బాకీ కోటి దాటుతుంది?

ప్రభుత్వ పనులకైతే కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. ఆర్‌ఏ బిల్లు ఇచ్చిన 10 పనిదినాల్లో అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం, మిగతాది 28 పనిదినాల్లో ఇవ్వాలన్నారు. అది కేంద్రం మెయిన్ కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బు సంగతి. అక్కణ్ణుంచి కిందికి ఎన్ని రోజుల్లో దిగాలో అందులో లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. రాష్ట్రాల పనులైతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. మహారాష్ట్రలో 2025లో కాంట్రాక్టర్ల సంఘాలు బకాయి బిల్లుల కోసం రోడ్డెక్కాయి. ఆంధ్రలో చిన్న కాంట్రాక్టర్లు చేసిన పనికి బిల్లుల కోసం హైకోర్టు మెట్లెక్కిన సంగతి మనకు తెలిసిందే.

ఇప్పుడు మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన విషయం చెప్తాం. ఫ్లాటు కొన్నవాళ్ళ కోసం 2016లో రెరా చట్టం వచ్చింది. కొన్నవాళ్ళు కట్టిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పని ఎంత శాతం పూర్తయిందో ఒక ఇంజినీరు, ఒక ఆర్కిటెక్టు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరిస్తే ఆ మేరకే బిల్డరు డబ్బు తీసుకోవాలి. చాలా మంచి నియమం. మనలోనూ ఫ్లాట్లు కొన్నవాళ్ళున్నారు, అది మనల్నీ కాపాడుతుంది. కానీ ఒక్కసారి మేస్త్రి వైపు నుంచి చూడండి. పన్నెండో అంతస్తు ప్లాస్టరింగ్ పూర్తయిందని ఇంజినీరు సంతకం పెడితే ఖాతాలోంచి డబ్బు బయటికి వస్తుంది. అదే పన్నెండో అంతస్తు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రి అడిగితే "ఇంకా కొలతలు కాలేదు" అనొచ్చు. ఒకే గోడ బ్యాంకు దగ్గర పూర్తయింది, సైటు ఆఫీసులో పూర్తి కాలేదు. రెండు మాటలూ ఒకే నెలలో, ఒకే కంపెనీ చెప్పొచ్చు. అలా చెప్పకుండా ఆపే చట్టం మనకు లేదు.

దీనికి మందు లేదనుకోకండి, వేరే దేశాలు ఎప్పుడో కనిపెట్టాయి. బ్రిటన్‌లో 1994లో లేథమ్ నివేదిక వచ్చింది, 1996లో కట్టడం ఒప్పందాలకు ప్రత్యేకంగా చట్టం చేశారు. "నాకు పైనుంచి వస్తేనే నీకిస్తాను" అనే షరతు చెల్లదన్నారు. పైవాడు దివాలా తీసినప్పుడు ఒక్కటే మినహాయింపు. తగవొస్తే ఒక అడ్జుడికేటరు 28 రోజుల్లో చెప్పాలి. ముందు ఆ ప్రకారం చెల్లించు, తర్వాత కావాలంటే కోర్టులో తేల్చుకో అన్నది దాని సూత్రం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 1999లో, సింగపూర్ 2004లో, మలేసియా 2012లో ఇదే దారి పట్టాయి. కెనడాలోని ఒంటారియో 2019 అక్టోబరు నుంచి అమలు చేస్తున్నది మేస్త్రికి కూడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. సరైన బిల్లు అందిన 28 రోజుల్లో యజమాని కాంట్రాక్టరుకు ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కాంట్రాక్టరు కింది వాళ్ళకు ఇవ్వాలి. యజమానికి అభ్యంతరముంటే 14 రోజుల్లోపు కారణంతో నోటీసివ్వాలి. పైనుంచి రాలేదని కాంట్రాక్టరు చేతులెత్తేస్తే సరిపోదు. కిందివాడికి నోటీసిచ్చి, తానే పైవాడి మీద అడ్జుడికేషన్‌కు వెళ్తానని రాసివ్వాలి.

చట్టం చేస్తే అన్నీ సర్దుకుంటాయని మేం అనం. బ్రిటన్‌లో ఇంత చట్టం ఉన్నా, 120 రోజుల గడువులు పెట్టి నడిచిన కారిలియన్ కంపెనీ 2018 జనవరిలో కుప్పకూలింది. దాన్ని నమ్ముకున్న చిన్న కాంట్రాక్టర్లు వేల సంఖ్యలో దెబ్బతిన్నారు. రిటెన్షన్ సొమ్ము విడిగా భద్రంగా లేకపోవడం అందులో పెద్ద లోటు. ఆ లోటు చూసి నేర్చుకునే అవకాశం మనకుంది.

బిల్డర్ల వైపు మాట కూడా వినాలి. "ఫ్లాటు కొన్నవాళ్ళు వాయిదాలు ఆపేస్తే మేం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి? పని నాసిరకమైతే కళ్ళు మూసుకుని డబ్బిచ్చేయాలా?" అంటారు. రెండోదానికి జవాబు తేలిక. ఈ చట్టాలేవీ కోత కోయొద్దనలేదు. ఎంత కోస్తున్నావో, ఎందుకు కోస్తున్నావో గడువులోపు కాగితం మీద రాసివ్వమన్నాయి. నిజంగా టైలు లేచిపోతే ఫొటో తీసి రాయడానికి ఎన్ని రోజులు పడుతుంది? మొదటిది కష్టమైన ప్రశ్నే. వ్యాపారంలో ఒడిదుడుకులుంటాయి. కానీ ఆ ఒడిదుడుకులను తట్టుకోవడానికి బిల్డరుకు బ్యాంకుంది, భూమి ఉంది, అమ్మని ఫ్లాట్లున్నాయి. మేస్త్రికి ఉన్నది భార్య మెడలోని పుస్తెలతాడు. ప్రాజెక్టుకు పెట్టుబడి అందరికంటే పేదవాడి తాకట్టు నుంచి రావడం ఏ లెక్కన చూసినా తలకిందుల వ్యవహారం.

కాబట్టి మనం అడగాల్సింది కట్టడం పనులకు ప్రత్యేకంగా సకాల చెల్లింపు చట్టం. ఐదు మాటలు అందులో ఉండి తీరాలి.

1. వర్క్స్ కాంట్రాక్టయినా, లేబర్ రేటయినా, సామాను సరఫరా అయినా ఒకే గడువు ఉండాలి. ప్రత్యేక చట్టం ఆలస్యమైతే ఎంఎస్‌ఎంఈడీ చట్టంలోనే వర్క్స్ కాంట్రాక్టు అన్న మాట చేర్చినా సగం పని అవుతుంది.

2. "పైనుంచి వస్తేనే ఇస్తాం" అన్న షరతు చెల్లకూడదు.

3. బిల్లు ఇచ్చాక నిర్ణీత రోజుల్లో కొలత తీసి కారణాలు రాసివ్వకపోతే బిల్లు ఒప్పుకున్నట్టే లెక్కించాలి.

4. 28 రోజుల్లో తీర్పు చెప్పే అడ్జుడికేషన్ ఉండాలి. ఐదు లక్షల బాకీ కోసం ఐదేళ్ళు తిరిగే ఓపిక మేస్త్రికి లేదు.

5. రిటెన్షన్ సొమ్ము విడి ఖాతాలో ఉండాలి. రెరా ఖాతాలోంచి డబ్బు తీసే ధ్రువపత్రంలో "గత దశ పనికి కింది కాంట్రాక్టర్ల బిల్లులు చెల్లించాం" అన్న వాక్యం కూడా చేరాలి. దీనికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. ఉన్న కాగితంలో ఒక గడి చాలు.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. మేస్త్రీ సభ్యులకు నాలుగు సూచనలు. ఉద్యం నమోదు ఉచితం, ఆధార్‌తో అయిపోతుంది. వర్క్ ఆర్డరు తీసుకోకముందే చేయించుకోండి, తర్వాత చేసుకున్న నమోదు పాత పనికి పనికిరాదని వాదనలున్నాయి. వర్క్ ఆర్డరు లేకుండా నోటిమాట మీద పని మొదలుపెట్టకండి, కనీసం రేటు, పరిమాణం, గడువు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. సామాను వాళ్ళదే, పని మాత్రమే మీదైతే అది సేవ అన్న మాట ఆర్డరులో స్పష్టంగా పడనివ్వండి, రేపు కౌన్సిల్‌లో మీ వాదనకు బలం అదే. ముఖ్యంగా మూడేళ్ళు దాటనివ్వకండి, దాటితే దావాకు కాలం చెల్లుతుంది. ఆ లోపే బాకీ ఇంత అని సంతకంతో రాయించుకుంటే అక్కణ్ణుంచి మూడేళ్ళు మళ్ళీ మొదలవుతాయి.

ఇక మొదట గుర్తుంచుకోమన్న మాట. మన సంఘంలో ఇటు మేస్త్రీలూ మనవాళ్ళే, అటు బిల్డర్లూ పెద్ద కాంట్రాక్టర్లూ మనవాళ్ళే. ఉగాది సభకు, వనభోజనాలకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు ముందుగా చెయ్యి చాచేది ఆ అన్నల దగ్గరే. వాళ్ళు ఉదారంగా ఇస్తారు, అందుకు అందరం కృతజ్ఞులం. అయితే వాళ్ళ సైట్లలో పనిచేసే మన మేస్త్రీల్లో కొందరు "అడిగితే బాగుండదు, మనవాడేగా" అని నెలల తరబడి నోరు మెదపరు. మొహమాటం మీద నడిచే అప్పుకు వడ్డీ ఉండదు, గడువు ఉండదు, కాగితం ఉండదు. బయటి కంపెనీ మీదైతే కనీసం కేసు పెడతారు, మనవాడి మీద అదీ పెట్టరు. ఢిల్లీకి వినతిపత్రం పంపి, మన ఇంట్లో ఈ సంగతి మాట్లాడకపోతే ఆ వినతిపత్రానికి బరువుండదు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో మేం ఈ తీర్మానం పెట్టబోతున్నాం. కట్టడం రంగంలో ఉన్న సభ్యులు తమ సైట్లలో బిల్లు ఇచ్చిన 7 రోజుల్లో కొలతలు, 30 రోజుల్లో డబ్బు, కోత ఉంటే రాతలో కారణం అన్న మూడు మాటలకు సంతకం చేయాలి. తగవొస్తే ఒక రిటైర్డ్ ఇంజినీరు, ఒక అకౌంటెంటు, ఒక వకీలు ఉన్న ముగ్గురి కమిటీ 28 రోజుల్లో వినిపించాలి. దానికి కోర్టు బలం ఉండదు, కానీ పదిమంది ముందు చెప్పిన మాట బలం ఉంటుంది. సంతకం చేసినవాళ్ళ పేర్లు సావనీర్ మొదటి పేజీలో వేద్దాం, ప్రకటనల కంటే ముందు.

అనుకూలమైనా, వ్యతిరేకమైనా కింద రాయండి. ముఖ్యంగా బిల్డరు అన్నలు రాయండి. ఈ తీర్మానం మీద మొదటి సంతకం మీదే కావాలని మా కోరిక.